దూరమునుండి చూచుట



గత నెలలో ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరును ఇండ్లకు మరలుచుండగా, ఇద్దరు దంపతులు మాత్రము గుడి అరుగుమీద కూర్చుండి నా కొరకు కనిపెట్టుచుండిరి. ఆయన మన కల్లూరు పరిసర గ్రామములలో 34 సంవత్సరములు పిల్లలకు అక్షరములు నేర్పి విశ్రాంతి పుచ్చుకొనిన మాస్టారు. ఆమె భద్రాచలము అడవి గ్రామములలో నర్సుగా తిరిగి తిరిగి, మోకాళ్లు అరిగిన పిమ్మట ఇల్లు చేరిన తల్లి. మన సంఘములో ఆమెను అందరును నర్సమ్మగారనియే పిలుతురు.

"అయ్యగారూ, ఒక మాట అడగాల. నవ్వొద్దు మరి" అని మాస్టారు మొదలుపెట్టిరి. "ఇన్నాళ్లూ ఎక్కడికీ పోలేదు. కాళ్లు కదిలినన్నాళ్లు నాలుగు ఊళ్లు చూసి వద్దామనుకుంటున్నాం. దానికో మంచి కెమేరా కొనాలని ఉంది. వచ్చిన సొమ్ములో అంత దానికి పెట్టడం తప్పంటారా?"

అప్పటికి మధ్యాహ్నమైనది. నాకు ఆకలిగా నుండెను. దేవుని భాగము దేవునికి, బీదల భాగము బీదలకు ఇచ్చిన పిమ్మట మిగిలిన దానితో సంతోషించుట పాపము కాదని రెండు మాటలలో చెప్పి ఇంటికి వచ్చి భోజనము చేసితిని. కాని ఆ జవాబు నా కడుపులో అరుగలేదు. అడిగిన ప్రశ్న సొమ్మును గూర్చినదైనను, దాని వెనుక మరియొక ప్రశ్న యున్నదని తరువాత తెలిసినది. దానిని అడిగినది నర్సమ్మగారు. అందుకే ఈ నెల ఈ కాగితము వ్రాయుచున్నాను.

సొమ్ము సంగతి ముందుగా ముగించెదను. ఈ వయస్సులో ఫోటోల పిచ్చి యేమిటని మనలో కొందరు గుసగుసలాడినట్లు నా చెవిని పడినది. బేతనియలో ఒక స్త్రీ విలువగల అత్తరు ఒలికించినప్పుడు, దానిని అమ్మి బీదలకీయవచ్చును గదా అని లెక్క చెప్పినవాడెవడో సువార్త చదువువారికి జ్ఞాపకముండును. 34 సంవత్సరములు సుద్దముక్క పొడి మింగిన మనుష్యుడు తన సొమ్ముతో ఏమి కొనవలెనో మనము తీర్మానము చేయనక్కరలేదు. ఆ సంగతి అంతటితో విడిచెదను.

మరుసటి వారము వారి యింటికి పోయితిని. మాస్టారు పాఠశాల హాజరు పట్టీవలె గీతలు గీసిన నోటుపుస్తకము తెచ్చి నా ముందు పెట్టిరి. హైదరాబాదులో ఉద్యోగము చేయు వారి కుమారుడు చెప్పినవి, అంగడివారు చెప్పినవి, తాము చదివి తెలిసికొనినవి అన్నియు అందులో నున్నవి. నాకు ఆ విద్య తెలియదు. ఆయన చెప్పగా తెలిసిన దానిని, మీలో పలువురు ఫోనుతో ఫోటోలు తీయుదురు గనుక, ఇక్కడ వ్రాయుచున్నాను.

నేటి కెమేరాలో ఫిల్ము లేదు. దాని స్థానమున వెలుతురును పట్టు ఒక చిన్న పలక యుండును. దానిని సెన్సారు అందురు. వానలో చిన్న గిన్నె పెట్టినదానికన్న పెద్ద పళ్లెము పెట్టినప్పుడు ఎక్కువ నీరు పడునట్లు, పలక పెద్దదగుకొలది ఎక్కువ వెలుతురు పడును, మసక వెలుతురులో చిత్రము శుభ్రముగా వచ్చును. ఫుల్ ఫ్రేము అనబడునది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు గలది. ఒక అంగుళపు సెన్సారని పిలువబడునది నిజమునకు అంగుళము కూడ లేదు, 13.2కు 8.8 మిల్లీమీటర్లు మాత్రమే. మాస్టారు లెక్క వేసి చూపిరి. మొదటిది రెండవదానికన్న ఏడింతలకు పైగా పెద్దది. ఈ రెంటికి నడుమ ఏపీఎస్-సీ అను మధ్యరకమొకటి కలదు. పలక పెద్దదైనచో దాని ముందరి లెన్సు కూడ పెద్దది కావలెను, బరువు పెరుగును, ధర పెరుగును. ఫుల్ ఫ్రేము కెమేరాకును లెన్సుకును కలిపి లక్షన్నర దాటునని విని నర్సమ్మగారు లోపలికి పోయి టీ పెట్టిరి. ఆ సంగతి చెప్పుచు మాస్టారు నవ్విరి.

తొలుత వచ్చిన డిజిటల్ కెమేరా సంగతి కూడ ఆ పుస్తకములో నున్నది. 1975లో అమెరికాలో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ దానిని చేసెను. బరువు మూడున్నర కిలోలకు పైమాట. ఒక్క నలుపు తెలుపు చిత్రమును క్యాసెట్టు టేపుమీదికి ఎక్కించుటకు 23 సెకండ్లు పట్టెడిది. ఆ విద్యను కనిపెట్టిన ఆ కంపెనీయే ఫిల్మును నమ్ముకొని, 2012లో దివాలా రక్షణ కొరకు కోర్టు మెట్లెక్కినది. కెమేరా కంపెనీలు 2010లో లోకమంతటికి 12 కోట్లకు పైగా కెమేరాలు పంపినవి. 2023 నాటికి అవి 80 లక్షలకు లోబడినవి. మన చొక్కా జేబులోని ఫోను మిగిలిన వాటిని మింగివేసినది. అట్లయిన వేరుగా కెమేరా ఎందుకని నేను అడిగితిని.

"మెదక్ గుడి అద్దాలు ఫోనుకు రావయ్యగారూ" అనిరి మాస్టారు.

ఆయన చెప్పినది నిజమే. మెదక్ దేవాలయమును చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో ఆరంభించి 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపజేసిరి. కరువు దినములలో ఆకలిగొన్న వేలాదిమందికి ఆ కట్టడపు పనియే అన్నము పెట్టినది. దాని గోపురము 175 అడుగులు. లోపల రంగుటద్దముల కిటికీలు మూడు కలవు. అవి ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణము. వాటిని లండనులో ఫ్రాంక్ సాల్స్‌బరీ చిత్రించెను. వెలుపలి సూర్యుడే వాటికి దీపము. లోపల చీకటి, అద్దములో మండు వెలుతురు, ఈ రెండును ఒక్క చిత్రములో పట్టవలెనన్న పలక పెద్దది కావలెను, లేదా కెమేరాను కదలకుండ నిలుపు ముక్కాలి పీటయైనను కావలెను. మాస్టారు దానిని చూడవలెనని ఇరువది యేండ్లుగా అనుకొనుచున్నారు. దోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠింపబడిన అజరయ్యగారి దేవాలయము, కిన్నెరసాని జలాశయము, పాపికొండల నడుమ గోదావరి కూడ ఆయన పట్టీలో నున్నవి. పడవమీద నీటి తుంపర పడును గనుక తడి తగులని సంచి, అడవి తేమకు లెన్సులో బూజు పట్టును గనుక తేమ పీల్చు సిలికా పొట్లములు, ఇవన్నియు ధరలతో సహా వ్రాసియుండిరి. బియ్యపు డబ్బాలో పెట్టిన చాలునని ఎవరో చెప్పిరట. బియ్యపు తవుడు లెన్సులోనికి పోవునని నర్సమ్మగారు కొట్టివేసిరి.

ఇంతవరకు అంతయు సంతోషమే. పిమ్మట మాస్టారు తమ మనస్సు దేనిమీద నున్నదో చెప్పిరి. లెన్సు మార్చనక్కరలేని ఒక కెమేరా కలదట. దాని లెన్సు 24 మిల్లీమీటర్ల నుండి 600 మిల్లీమీటర్ల వరకు సాగును. ఎదుటి గదియంతయు పట్టును, చెరువు ఆవలి గట్టుమీది కొంగ కన్నును పట్టును. బరువు కిలోకు కొంచెము ఎక్కువ.

"దీంతో సంతలో ఈ మూల నిలబడి ఆ మూల కూర్చున్న కోయ ముసలమ్మ మొహం తీయొచ్చు. ఆమెకు తెలియను కూడా తెలియదు. తెలియకపోతేనే సహజంగా వస్తది" అనిరి మాస్టారు.

అప్పటివరకు ఊరకున్న నర్సమ్మగారు టీ గ్లాసు క్రింద పెట్టి, "ముప్పై ఏళ్లు వాళ్ల ఇళ్లకు పోయినా. గుమ్మం కాడ నిలబడి పిలవకుండా ఒక్క గుడిసెలో అడుగు పెట్టలే. సూది వేసేముందు కూడా అడిగేదాన్ని. ఇప్పుడు సంత అవతల నుంచి, ఆమెకు తెలియకుండా, ఆమె మొహం తెచ్చుకుంటామా?" అనిరి.

మాస్టారు నా వైపు చూచిరి. నేను ఏమియు చెప్పలేదు. చెప్పలేకపోవుటకు కారణము కలదు.

2022 జూలైలో గోదావరి పొంగినది మీకందరికి తెలియును. భద్రాచలము వద్ద 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక ఎగురవేయుదురు. ఆ నెల 16వ తేదీన నీరు 71.3 అడుగులకు వచ్చినది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తరువాత అంతటి నీటిని ఎవరును చూచియుండలేదు. మన సంఘములోని వారు ఇచ్చిన బియ్యము, దుప్పట్లు తీసికొని నేనును కొందరు యౌవనులును ఒక శిబిరమునకు పోయితిమి. ఆ సరుకులో కొంత భాగము ఒక సంస్థవారు ఇచ్చినది. ప్రతి మూటకు ఫోటో కావలెను, లేనిచో లెక్క తేలదని వారు చెప్పియుండిరి. వరుసలో ఒక వృద్ధురాలు వచ్చెను. కోయ స్త్రీ. మూట ఆమె చేతికిచ్చి, "ఇటు చూడమ్మా" అంటిని. ఆమె పమిట కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొనెను. నేను ఫోను దించలేదు. మూట బరువునకు ఆమె రెండవ చేయి కూడ కావలసివచ్చి కొంగు జారినది. జారినప్పుడు నొక్కితిని.

ఆ ఫోటో ఒక కరపత్రముమీద అచ్చైనది. చాల బాగున్నదని కొందరు చెప్పిరి. ఆమె పేరు నేను అడుగలేదు. ఏ ఊరో అడుగలేదు. ఆమె కొంగు పైకి తీసికొనినప్పుడు నాతో ఒక మాట చెప్పినది, నోటితో చెప్పలేదు గనుక వినలేదని నేను తప్పించుకొంటిని.

ఫోటో విషయములో మన తెలుగులో రెండు మాటలున్నవి, మీరు గమనించితిరో లేదో. ఫోటో తీయుట ఒకటి, ఫోటో దిగుట ఒకటి. కెమేరా పట్టినవాడు తీయును. ఎదుట నిలిచినవాడు దిగును. మా పెండ్లినాడు ఫోటో దిగినాము అందుము గాని, మమ్మును తీసిరని అనము. దిగుట అనగా దిగువాని పని. తలదువ్వుకొని, చొక్కా సరిచేసికొని, పిల్లను ముందర నిలువబెట్టుకొని, ఊపిరి బిగబట్టి దిగుట. పూర్వము సత్తుపల్లికో ఖమ్మమునకో పోయి స్టూడియోలో దిగిన మన తాతలు ఎవరికిని దొంగిలింపబడినవారు కారు. తమ్మును తామే ఇచ్చుకొనిరి. మాస్టారి తండ్రిగారికి ఆగ్‌ఫా క్లిక్ త్రీ కెమేరా యుండెడిది. ఒక ఫిల్ముకు 12 చిత్రములే. పన్నెండింటిలో ఒకటి ఖర్చగును గనుక, దిగువారు సిద్ధముగా నున్నారా లేదా అని చూచి నొక్కెడివారు. నేడు ఒక గోరంత కార్డులో వేలకొలది పట్టును. తీయువానికి ఖర్చు లేదు. తీయబడువానికి మాత్రము అది అప్పుడెంతో ఇప్పుడును అంతే. ఆ వృద్ధురాలు ఫోటో దిగలేదు. నేను తీసితిని.

యెరూషలేము నుండి యెరికోకు పోవు త్రోవను గూర్చిన ఉపమానము నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు. ఆ త్రోవను పోయిన ముగ్గురును గాయపడినవానిని చూచిరి. యాజకుడు చూడలేదని ప్రభువు చెప్పలేదు. అతడు చూచి ప్రక్కగా పోయెను. లేవీయుడును చూచెను. సమరయుడు చూచి దగ్గరకు వచ్చెను. మూడు చూపులలో భేదము దూరమే. నా చేతిలో 600 మిల్లీమీటర్ల లెన్సు లేదు. ఆమెకును నాకును నడుమ చేయెడు దూరము కూడ లేదు. అయినను నేను త్రోవ ఆవలి ప్రక్కనే నిలిచియుంటిని. కాబట్టి తప్పంతయు లెన్సుమీద వేసి నర్సమ్మగారి మాటకు తల ఊపుటకు నాకు నోరు రాలేదు.

మరి అడవి మనుష్యుల ఫోటోలు అసలే తీయరాదా? అట్లు చెప్పినను నాకు ఒప్పుదల కాదు. ఇప్పుడు ఎదుటి వాదము చెప్పెదను.

1939లో వియన్నా నుండి క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను పండితుడు తన భార్య బెట్టితో మన దేశమునకు వచ్చెను. యుద్ధము వచ్చుటచే, శత్రుదేశపు పాస్‌పోర్టు గలవాడు గనుక, నైజాము రాజ్యము దాటిపోరాదని ఆయనను కట్టడి చేసిరి. ఆ దంపతులు ఆ కట్టడి దినములను చెంచులమధ్య, పాపికొండలలోని కొండరెడ్లమధ్య, ఆదిలాబాదు గోండులమధ్య గడపిరి. కొండరెడ్లను గూర్చిన ఆయన గ్రంథము 1945లో వెలువడినది. ఆయన తీసిన వేలాది ఫోటోలు నేడు లండను విశ్వవిద్యాలయపు సోయాస్ గ్రంథాలయమందున్నవి. వెదురు బొంగులు మోయు పురుషులు, పడవలు, పోడు చేలు, పిల్లలు అందులో కలరు. నేడు పోలవరము ఆనకట్ట వెనుక నీరు 45.72 మీటర్ల మట్టమునకు నిలిచిన దినమున ఆ గోదావరి గట్టు గ్రామములనేకము నీటి క్రిందికి పోవును. అందుకొరకే 2014లో మన ఖమ్మము జిల్లాలోని మండలములు కొన్ని అవతలి రాష్ట్రమునకు చేర్చబడినవి. వాటిలో మన బంధువులున్నవారు ఎరుగుదురు. రేపు ఒక కొండరెడ్డి పిల్లవాడు మా తాతల ఊరు ఎట్లుండెడిదని అడిగినచో, ఎవరో ఒకరు నొక్కిన ఫోటోయే గదా జవాబు చెప్పవలసినది? ఎవరును తీయకపోయినచో ఆ ఊరు రెండుసార్లు మునుగును.

కాని ఆ దంపతులు ఒక పూట సంతకు వచ్చి పోయినవారు కారు. ఆదిలాబాదులో మార్లవాయి అను గోండు గ్రామములో గుడిసె వేసికొని వారితో బ్రదికిరి. 1987లో బెట్టి మరణించినప్పుడు ఆమెను ఆ మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఫోటో తీయబడినవారు, తీసినవారి సమాధికి నేటికిని సంవత్సరమునకొకసారి కూడి వచ్చుచున్నారు. అయినను ఒక ప్రశ్న మిగులును. లండనులోని ఆ పెట్టెలలో నున్న కొండరెడ్ల ముఖములలో ఎన్నింటి ప్రతులు ఆ ఇండ్లకు తిరిగి చేరినవి? ఎన్ని ముఖములకు పేర్లు వ్రాయబడినవి? దగ్గర బ్రదుకుట కూడ అన్నిటికి జవాబు కాదు కాబోలు.

మరియొక సంగతి నర్సమ్మగారు గాక నేను మాస్టారితో ఆడితిని. కొండమీద ప్రభువు రూపము మారినప్పుడు పేతురు మూడు పర్ణశాలలు కట్టెదమనెను. అది ఆ క్షణమును పట్టి ఉంచుకొనవలెనన్న ఆశయే గదా, మీ కెమేరా కూడ అట్టిదే గదా అంటిని. మాస్టారు కొంతసేపు ఊరకుండి, "పేతురుకు అప్పుడు వయసెంతయ్యా? మళ్లీ కొండెక్కగలడు. మాకు ఆ వీలు లేదు" అనిరి. ఇది వేదాంతముగా ఎంతవరకు నిలుచునో నేను చెప్పలేను. కాని నేను ఊరకుంటిని. మోకాళ్లు నొచ్చువారితో పర్ణశాలలను గూర్చి వాదించుట సులువు కాదు.

తుదకు వారేమి కొనిరని మీరు అడుగుదురు. 600 మిల్లీమీటర్ల కెమేరా కొనలేదు. ఏపీఎస్-సీ పలక గల చిన్న మిర్రర్‌లెస్ కెమేరాను, ఎవరో రెండేండ్లు వాడినదానిని, హైదరాబాదులో కుమారుడు పరీక్షించి తెచ్చెను. దానితో రెండు లెన్సులు. ఒకటి జూమ్ లెన్సు. రెండవది చిన్నది, జూమ్ లేనిది, చీకటిలో కూడ పనిచేయునది. దానితో మనుష్యుని ముఖము తీయవలెనన్న రెండు మూడు అడుగుల దగ్గరకు పోవలెను. అంత దగ్గరకు పోయినవాడు మాటలాడక తప్పదు. కిన్నెరసాని మొసళ్లకును కొంగలకును గోపురములకును జూమ్, మనుష్యులకు చిన్నది అని నర్సమ్మగారు కట్టడ చేసిరి. మాస్టారు దీనికి పూర్తిగా ఒప్పుకొనలేదు. అడిగిన తరువాత ప్రతివాడును కర్రవలె బిగిసికొని నిలుచును, ఫోటోలన్నియు ఓటరు కార్డువలె నుండునని ఆయన ఫిర్యాదు. అందులో నిజము లేకపోలేదు. అడిగి తీసిన ముఖము వేరు, అడుగక తీసిన ముఖము వేరు. అడుగకుండ తీసినది తరచుగా అందముగా నుండును. ఆ అందమును వదలుకొనుట నష్టమేనని ఒప్పుకొనవలెను. నష్టమే లేదని చెప్పి ఆయనను ఒప్పించజూచినచో అది అబద్ధమగును.

నీళ్లు తగ్గి పడవలు తిరుగు కాలమున వారు పాపికొండలకు పోయి వచ్చిరి. పేరంటాలపల్లిలో కొండరెడ్లు వెదురుతో చేసిన వస్తువులు అమ్ముదురు. అక్కడ ఒక స్త్రీని నర్సమ్మగారు ఫోటో దిగుదువా తల్లీ అని అడుగగా, ఆమె తల అడ్డముగా ఊపెనట. పది నిమిషములు పిల్లలను గూర్చి, జ్వరములను గూర్చి మాటలాడి, ఒక వెదురు బుట్ట కొనుక్కొని వచ్చిరి. మాస్టారు ఆ బుట్టను చూచినప్పుడెల్ల, "లక్ష రూపాయల ఫోటో పోయింది" అందురు. ఆ బుట్టలో ఇప్పుడు ఉల్లిపాయలున్నవి.

తిరిగి వచ్చిన పిమ్మట నేను నా ఫోనులోని ఆ వరదనాటి ఫోటోను నర్సమ్మగారికి చూపితిని. ఇంతవరకు ఎవరితోను ఆ కొంగు సంగతి చెప్పియుండలేదు. చెరిపివేయవలెనని రెండు పర్యాయములు అనుకొంటిని. చెరిపిన తప్పు చెరుగునా, లేక దాని గురుతు మాత్రము చెరుగునా అని తోచక మానితిని. ఆమె కండ్లజోడు సవరించుకొని చాలసేపు చూచిరి.

"మొహం నాకు తెలియదు. కానీ ఈ ముక్కు పోగులు, ఈ పచ్చబొట్టు చూస్తే ఏ వైపువాళ్లో తెలుస్తుంది. ఆ పక్క రెండు మూడు ఊళ్లే. అడుగుతూ పోతే దొరుకుతుంది" అనిరి.

మాస్టారు దానిని సత్తుపల్లిలో అచ్చు వేయించి ఒక కవరులో పెట్టి ఇచ్చిరి. వచ్చే మంగళవారము ముగ్గురము బయలుదేరుచున్నాము. కెమేరా తేవలెనా వద్దా అను విషయమై దంపతులలో ఇంకను తీర్మానము కాలేదు.